అటక మీద పలుపు

నా చిన్నప్పుడు, అబద్ధం ఆడని మనిషి ఈ భూమ్మీద ఒక్కరే ఉన్నారని గట్టిగా నమ్మేదాన్ని. ఆయన మా తాతయ్య. ఇప్పుడు నాకు డెబ్బై దగ్గర పడుతున్నాయి, ఆయన పోయి చాలా ఏళ్ళయింది, అయినా ఆ సంగతి తలుచుకుంటే ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుందండీ. పోయినవాళ్ళ మీద ఇంకా కోపమేంటత్తయ్యా అని మా కోడలు నన్ను దెప్పుతూ ఉంటుంది. మొత్తం విన్నాక మీరేమంటారో చూద్దాం.

మాది పెదవేగి దాటి ఇంకా పైకి వెళ్తే వచ్చే మెట్ట ఊరు. కిందకి దిగితే ఉంగుటూరు వైపు ఎటు చూసినా కాలవలూ, వరిచేలూ. ఆ పచ్చదనం చూసి మావాళ్ళు లోలోపల కుళ్ళుకునేవారు. మాకు వాన పడితేనే నీళ్ళు, పడకపోతే లేవు, అంతే. మా అమ్మా నాన్నా తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు పనికని వెళ్ళి అక్కడే ఉండిపోయారు. నన్ను తాతయ్య దగ్గరా, నాయనమ్మ దగ్గరా ఉంచి, పండక్కో పబ్బానికో వచ్చి చూసి పోయేవారు. అంచేత నాకు అమ్మయినా నాన్నయినా తాతయ్యే. ఆయన చెప్పిందే వేదం.

ఊరికి ఉత్తరాన ఊరందరికీ కలిపి ఒక పెద్ద బీడు ఉండేది. ఎర్ర గరప నేల. ఒకప్పుడు అక్కడ మోకాలెత్తు గడ్డి ఉండేదని, ఊరి పశువులన్నీ ఏడాది పొడుగునా దాని మీదే బతికేవని నాయనమ్మ చెప్పేది. నేను పుట్టేసరికి అదంతా పోయింది. పశువులు ఎక్కువయ్యాయి. గడ్డిని మొలిచింది మొలిచినట్టే కొరికేశాయి. విత్తనం రాలేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేకపోయింది. పశువు మూతి పెట్టని తంగేడూ, వెంపలీ, జిల్లేడూ మాత్రం మిగిలాయి. వాన పడ్డప్పుడల్లా ఎర్రమట్టి కొట్టుకుపోయి కింద రాళ్ళు తేలేవి.

ఆ బీడుని మళ్ళీ లేపాలని తాతయ్యకి పట్టుకుంది. మొదట్లో ఆయన చేసిన పని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. ఉంగుటూరులో మా మేనత్త ఇంటికి వెళ్ళినప్పుడు, వరి కోసేసిన చేలో పిల్లిపెసర పచ్చగా పాకి ఉండటం, పశువులు తల ఎత్తకుండా మేస్తూ ఉండటం చూశారు. ఇంకేముంది, ఓ బస్తాడు విత్తనం బండి మీద వేసుకొచ్చి, బీడంతా దున్నించి మరీ చల్లించారు. మొదటి జల్లుకే మొలక కనిపించింది. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది. ఆ తర్వాత మూడు వారాలు చినుకు లేదు. కాలవ నేలలో పుట్టిన విత్తనం కదండీ, దానికి దప్పికంటే ఏం తెలుసు? ఒక్క మొక్క మిగల్లేదు. పైగా దున్నిన మట్టి కాస్తా గాలికి లేచిపోయింది. మెట్టవాళ్ళకి పల్లపు సోకులెందుకని ఊళ్ళో ఒకటే నవ్వులు.

తాతయ్య చాలా రోజులు ఆ బీడులోనే తిరిగారు. ఒకనాడు రేగుపొద ముందు గొంతుక్కూర్చుని, ముళ్ళ మధ్యలోకి తొంగి చూస్తూ నన్ను పిలిచారు. పొద లోపల, పశువు మూతి దూరని చోట, పాతకాలపు గడ్డి నాలుగు దుబ్బులు బతికి ఉంది. మా వైపు దాన్ని నెండ్రగడ్డి అంటారు. దాని పక్కనే నేలకి అంటుకుని సన్నటి పిల్లిపెసర తీగ. ఉంగుటూరుది కాదు, అచ్చంగా ఇక్కడిది. ఎవరూ చల్లింది కాదు, ఎవరూ నీళ్ళు పోసింది కాదు. ఎండలన్నీ తట్టుకుని, ఎవరి కంటా పడకుండా కాయలు కాసుకుంటోంది. తాతయ్య చెయ్యి లావు, ముళ్ళలోకి పట్టలేదు. నా చెయ్యి పట్టింది. మా ఇద్దరి పని అలా మొదలైంది.

ఎండాకాలం వచ్చేదాకా నాకు అదే పని. ఊళ్ళో ఉన్న ప్రతి రేగుపొదలోనూ చెయ్యి పెట్టి విత్తనం ఏరాను. మోచేతుల దాకా ఎప్పుడు చూసినా గీతలే. పిల్లితో యుద్ధం చేశావా అని బళ్ళో మేష్టారు వేళాకోళం చేసేవారు. తెచ్చిన విత్తనానికి నాయనమ్మ బూడిద కలిపి, కుండల్లో పోసి అటక మీద పెట్టేది. తొలకరికి ముందు పేడా మట్టీ కలిపి, అందులో విత్తనం వేసి ఉండలు చుట్టి బీడంతా విసిరాం. ఈసారి నాగలి పెట్టలేదు. నీళ్ళు జారిపోకుండా వాలుకి అడ్డంగా రాళ్ళు మాత్రం పేర్చారు.

వీటన్నిటికన్నా కష్టమైంది ఊరి చేత కట్టడి పెట్టించడం. బీడు చుట్టూ తుమ్మకంప వేసి, రెండేళ్ళ పాటు ఒక్క పశువు లోపలికి పోకూడదు, ఒక్క పన గడ్డి కూడా ఎవరూ కోయకూడదు. రెండో ఏడు గడ్డి కంకి వేసి, విత్తనం పండి తనంతట తాను రాలాకే తెరవాలి. కట్టడి తప్పిన ఇంటివాళ్ళ పశువులని, బీడు తెరిచాక కూడా ఏడాది పాటు లోపలికి రానివ్వరు. ఆ షరతు పెట్టింది తాతయ్యే. ఊరందరి ముందూ నిలబడి, మొదటి మాట మా ఇంటి తరఫున ఇచ్చారు. నేను పక్కనే ఆయన కండువా కొస పట్టుకుని నిలబడ్డాను. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఆ రెండో ఏడు ఎండాకాలంలో మా ఆవు ఈనింది. ఈనిన నెలకే జబ్బు చేసి పోయింది. కోడెదూడ మిగిలాడు. వాడికి బుల్లోడని పేరు పెట్టాను. గంజి, తవుడు కలిపిన నీళ్ళు, పొరుగింటివాళ్ళు దయతలచి ఇచ్చిన గేదెపాలు, ఏది దొరికితే అది గుక్కెడు గుక్కెడుగా పట్టి నేనే పెంచాను. నా వేళ్ళు నోట్లో పెట్టుకుని చీకేవాడు. బడికి బయల్దేరితే వెనకాలే ఊరి చివరిదాకా వచ్చేవాడు. అమ్మ దగ్గర లేని పిల్లని నేను, అమ్మ లేని దూడ వాడు. మాకిద్దరికీ బాగా కుదిరింది.

వాడి మెడకి కట్టే పలుపు నేనే పేనాను. తాతయ్య పక్కన కూర్చుని నేర్పించారు. నా దూడ దూరం నుంచే తెలియాలని, నా పాత ఎర్ర పరికిణీ చింపి ఆ పేలికలు జనపనారతో కలిపి పేనాం. పేనుతూ పేనుతూ ఆయన ఒక సంగతి చెప్పారు. పశువుని అమ్మేటప్పుడు దాని పలుపు మాత్రం ఇవ్వకూడదట. కొనుక్కున్నవాడు తన తాడు తనే తెచ్చుకుని కట్టుకుంటాడు, మన పలుపు విప్పి మనింటికి తెచ్చేసుకోవాలి. పలుపు కూడా పోతే ఇంట్లో పాడి పోతుందని నమ్మకం. అదే చుట్టాలింటికి పంపిస్తే పలుపుతోటే పంపుతారు, ఎందుకంటే ఆ పశువు ఇంకా మనదే. ఈ మాటలు నాకు నేర్పింది ఆయనే సుమండీ. గుర్తుపెట్టుకోండి.

వాడు గడ్డి కొరికే వయసుకొచ్చేసరికి ఊళ్ళో గడ్డి అన్నది లేదు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఉంగుటూరు వైపు నుంచి ఎండు వరిగడ్డి బండ్ల మీద తెచ్చుకుని పెద్ద పశువుల్ని ఎలాగో నెట్టుకొచ్చారు. పాలు చాలని పసిదూడకి ఆ ఎండు పోచలు ఎక్కడ ఎక్కుతాయి? బుల్లోడి డొక్కలు బయటపడ్డాయి. లేస్తే కాళ్ళు వణికేవి. కంపకి అవతల చూస్తే మరో లోకం. పడ్డ నాలుగు జల్లులకే నెండ్రగడ్డి దుబ్బు కట్టి లేచింది. రాళ్ళ మీదుగా పిల్లిపెసర పాకింది. నేను ముళ్ళలోంచి ఏరి తెచ్చిన విత్తనమే అదంతా. బుల్లోడు ఆ వాసనకి కంప దగ్గర నిలబడి మూతి చాపేవాడు. ముల్లు గుచ్చుకుంటే వెనక్కి తీసుకుని, మళ్ళీ చాపేవాడు.

నేను తాతయ్య కాళ్ళావేళ్ళా పడ్డాను.

"ఒక్క పనండీ తాతయ్యా. ఎవరూ చూడరండీ."

"నేను చూస్తాను కదా అమ్మడూ."

అంతే అన్నారు. అన్నాక తువ్వాలుతో మొహం తుడుచుకుని పక్కకి వెళ్ళిపోయారు. నాకు కడుపు మండింది గానీ, లోపల ఎక్కడో గొప్పగా కూడా అనిపించింది. మా తాతయ్య మాటంటే మాటే కదా అనుకున్నాను. బుల్లోడి మెడ పట్టుకుని, ఇంకొన్నాళ్ళు ఓర్చుకోరా, విత్తనం రాలగానే ముందు నిన్నే లోపలికి తోలతాను అని చెప్పాను. అలా చెప్పమని తాతయ్యే నాతో అన్నారు.

ఆశ్వయుజంలో ఒకనాడు బడి నుంచి వచ్చేసరికి దూడ లేదు. గుంజ ఖాళీగా ఉంది. తాతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఉంగుటూరు అత్తయ్య వాళ్ళింటికి పంపించానమ్మా, కాలవ గట్టు నిండా పచ్చగడ్డి, బాగా మేసి, బీడు తెరిచేనాటికి బలిసి వస్తాడు అన్నారు. నాకు చెప్పకుండా ఎందుకు పంపారని అడిగితే, నువ్వు ఏడుస్తావని అన్నారు. ఏడ్చాను కూడా. కానీ ఒక్క క్షణమైనా అనుమానం రాలేదండీ. ఆ మనిషి మీద ఎలా వస్తుంది? పైగా ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను, నా దూడ కడుపు నిండా తింటున్నాడని.

ఆ తర్వాత మా మేనత్త రెండుసార్లు వచ్చింది. మొదటిసారి అడిగాను.

"మా బుల్లోడు ఎలా ఉన్నాడండీ అత్తయ్యా?"

"వాడికేమే కోడలుపిల్లా, మారాజులా ఉన్నాడు. కాలవ గట్టు దిగితే ఒట్టు."

నవ్వుతూ చెప్పింది, కళ్ళలోకి చూసి మరీ చెప్పింది. నేను నాకిచ్చిన బెల్లం ముక్కలు తినకుండా దాచి, పొట్లం కట్టి వాడికి పెట్టమని ఇచ్చాను. రెండోసారీ అంతే, ఇంకొంచెం పెద్ద పొట్లం. ఆ బెల్లం ఎవరు తిన్నారో ఇప్పటికీ నాకు తెలియదు. పొట్లం తీసుకునేటప్పుడు ఆవిడ చెయ్యి వణికిందా అని ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో. లేదండీ, వణకలేదు.

కార్తీకం చివర్లో గడ్డి పండింది. కంకులు బంగారు రంగు తిరిగి, ఇంకో నాలుగైదు రోజుల్లో రాలతాయనగా, రాలిన దాంట్లో కొంత ఏరి పై ఏటికి దాచాలని నాయనమ్మ కుండలు దింపమంది. తాతయ్య అక్కడ ఏం దాచారో పాపం ఆవిడకీ తెలియదు. నేను నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను. వెనక వరసలో ఉన్న కుండలో చెయ్యి పెడితే మెత్తగా ఏదో తగిలింది. బయటకి లాగాను. ఎర్ర పేలికలు. నేను పేనిన పలుపు.

నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. పలుపు ఇంట్లో ఉందంటే దూడ అమ్ముడుపోయినట్టు. తల్లిలేని, డొక్కలెండిన కోడెదూడని సంతలో ఎవరు కొంటారో మెట్టూళ్ళో పుట్టిన ఏ పిల్లకైనా తెలుసు. అటక మీద ఆ దుమ్ములో ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. నాయనమ్మ కింద నుంచి కేకలేస్తూనే ఉంది. దూడ పోయినందుకు ఏడుపు రాలేదు, నిజం చెబుతున్నాను. బెల్లం పొట్లాలు గుర్తొచ్చి వచ్చింది. వాడు లేకుండా పోయిన రోజు నుంచీ నేను వాడి కోసం ఎన్నెన్ని కబుర్లు చెప్పుకున్నానో, ఆ ఇంట్లో అందరూ వింటూ ఊరుకున్నారు.

కిందకి దిగి తాతయ్య ముందు నిలబడి పలుపు చూపించాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, తల దించుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని మీరు తప్ప నువ్వు అని ఎరగను. ఆ రోజు వచ్చేసింది.

"బుల్లోణ్ణి అమ్మేశావు. అబద్ధాలకోరువి నువ్వు!"

తాతగారినంత మాటంటావా అని నాయనమ్మ చెయ్యెత్తుకుని వచ్చింది. తాతయ్య ఆవిణ్ణి ఆపారు. అననీ అన్నారు. అదీ నా ఒళ్ళు మండించింది. కొట్టినా బావుండేది. ఒక్క పరుగున బీడు దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకప్పుడు బాగా తెలుసు. ఈ గడ్డి కోసమే కదా నా దూడని అమ్మింది, ఇక ఈ గడ్డి ఎవరికీ ఉండకూడదు అనుకున్నాను. దారికి ఆనుకుని ఉన్న కంప రెండు చేతులతో పట్టుకుని లాగి అవతల పారేశాను. తుమ్మముళ్ళు అరచేతుల్లో దిగబడ్డాయి. నొప్పి కూడా తెలియలేదు.

మధ్యాహ్నం పూట ఊరి పశువుల్ని చెరువుకి తోలుకెళ్ళే దారి అదే. ఆకలితో మాడిపోతున్న గొడ్లు. సందు కనబడేసరికి మందకి మంద లోపల పడింది. తోలేవాళ్ళు అరిచినా, కర్రలతో బాదినా ఒక్కటి వెనక్కి రాలేదు. ఊళ్ళోవాళ్ళంతా పరుగెత్తుకొచ్చి వాటిని బయటకి తోలేసరికి కింది వైపంతా పోయింది. పండిన కంకుల్ని తిన్నవి తినగా, మిగిలినవాటిని తొక్కి పేడలో కలిపేశాయి. రెండేళ్ళు పిల్లల నోటి దగ్గర పాలు తగ్గించుకుని, పశువుల్ని అమ్ముకుని కాపాడుకున్న గడ్డి. ఒక ముసలావిడ ఆ తొక్కిన గడ్డి దగ్గర కూలబడి శాపనార్థాలు పెట్టింది. అప్పుడు నాకు భయమేసింది.

కంప ఎవరు తీశారని పెద్దవాళ్ళు అడిగారు. నేను అక్కడే ఉన్నాను, చేతులు వెనక్కి పెట్టుకుని. నా చేతుల మీద గీతలు ఊళ్ళో ఎవరికీ కొత్త కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తాతయ్య అప్పటికి వచ్చారు. నా చేతులు ముందుకి తీసి చూశారు. ఆ రోజు నేను విత్తనానికి వెళ్ళలేదని ఆయన ఒక్కరికే తెలుసు. కండువా తీసి ఆ చేతులకి చుట్టారు. ఆ తర్వాత అందరి వైపూ తిరిగారు.

"నేనేనండీ. సరిచేద్దామని కంప తీసి, మళ్ళీ వెయ్యడం మర్చిపోయాను. తప్పు నాదేనండీ."

ఆయన మర్చిపోయే మనిషి కాదని అందరికీ తెలుసు. కానీ అబద్ధం ఆడే మనిషి కాదని అంతకన్నా బాగా తెలుసు. అందుకే ఆ మాట చెల్లిపోయింది. ఒకళ్ళిద్దరు గొణిగారు, మిగిలినవాళ్ళు నేల చూస్తూ వెళ్ళిపోయారు. నేనేనని చెప్పాలని మాట నా నోటిదాకా వచ్చింది, బయటకి మాత్రం రాలేదు. పదేళ్ళ పిల్లని కదా అని ఇప్పుడు నన్ను నేను సమర్థించుకోవచ్చు. అది కాదు కారణం. ఆయన అలా నలుగురిలో తలొంచుకుని నిలబడటం నాకు ఆ క్షణాన బాగానే అనిపించింది. అదీ నా గుణం, దాచడం దేనికి?

పై వైపు గడ్డి మాత్రం నిలిచింది. విత్తనం రాలింది. కింది వైపూ కోలుకోవాలని బీడు తెరవడం ఇంకో ఏడు ఆపారు. ఆ ఏడు వానలు కూడా బాగా పడ్డాయి. తొక్కిన చోట సైతం పేడలోంచి పిల్లిపెసర లేచి అందరూ ముక్కున వేలేసుకునేలా పాకింది. బీడు తెరిచిన రోజు ఊళ్ళో కొబ్బరికాయ కొట్టారు. ఇంటింటి పశువులూ వరసగా లోపలికి వెళ్ళాయి. మా ఎడ్ల జత మాత్రం బయట. కట్టడి తప్పిన ఇల్లు మాదే కదా. షరతు పెట్టిన మనిషే వాటి పలుపులు పట్టుకుని కంపకి ఇవతల నిలబడ్డారు. ఎడ్లు లోపలి గడ్డి చూసి ముందుకి లాగుతుంటే, ఆయన మడమలు నేలలో తన్నిపెట్టి ఆపుతున్నారు.

అదివరకటి ఏడాదిలో నేను ఆయనతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. ఆ రోజు పక్కకి వెళ్ళి నిలబడి అడిగాను. మళ్ళీ మీరులోకి వచ్చేశాను.

"నిజంగానే అత్తయ్యగారింటికి పంపొచ్చు కదండీ. పోనీ, అమ్మేస్తున్నానని నాతో చెప్పొచ్చు కదా. ఏడుస్తాననేనా?"

అత్తయ్య వాళ్ళ మామగారు ఒప్పుకోలేదని మెల్లిగా చెప్పారు. ఆ తర్వాత ఎడ్లని నిమురుతూ అన్నారు.

"నువ్వు ఏడుస్తావని కాదమ్మడూ. నువ్వు ఏడిస్తే ఆ గడ్డి నేనే కోసేస్తానని."

అప్పట్లో ఆ జవాబు నాకు పుల్లవిరుపు మాటలా అనిపించింది. అదేం సమాధానం? ఊళ్ళో నలభై ఇళ్ళకి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి, ఇంట్లో ఉన్న ఒక్క పిల్లకి ఇచ్చిన మాట తప్పుతారా? పైగా నా బదులు నింద మోస్తే సరిపోయిందా? ఒక అబద్ధంతో నా దూడని తీసుకెళ్ళారు, ఇంకో అబద్ధంతో నా నోరు మూయించారు. రెండోదానికి నేను ఆయనకి రుణపడిపోయాను కాబట్టి, మొదటిదానికి గట్టిగా పోట్లాడే దారి కూడా లేకుండా పోయింది. ఆయన పోయేదాకా మేమిద్దరం ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు మా వైపంతా పామాయిల్ తోటలే. బోర్లు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి. బీడులో సగం ఎటు పోయిందో పోయింది, మిగిలింది రాళ్ళున్న పై ముక్క. అది కూడా తంగేడు పట్టి పోతుంటే, ఊళ్ళో ఆడవాళ్ళం కొందరం కూడి మూడేళ్ళ కిందట మళ్ళీ కంప వేశాం. మళ్ళీ అదే గడ్డి, మళ్ళీ రేగుపొదల్లోంచే ఏరాం. నా చెయ్యి ఇప్పుడు లావు, పట్టదు. నా మనవరాలి చెయ్యి పడుతుంది. దానికి తొమ్మిదేళ్ళు. కట్టడి పెట్టిననాడు అందరి ముందూ మొదటి మాట మా ఇంటి తరఫున నేనే ఇచ్చాను. ఎవరి పోలిక ఎక్కడికి పోతుంది చెప్పండి.

పోయిన ఏడు వానలు దగా చేశాయి. నా మనవరాలికి ఒక మేకపిల్ల ఉండేది, దానికి మేపడానికి ఏమీ లేకపోయింది. అమ్మక తప్పదని తేలింది. మా అబ్బాయి సాయంత్రం నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, పిల్ల బెంగపెట్టుకుంటుందమ్మా, దాని మామయ్య వాళ్ళింటికి పంపామని చెబుదాం అన్నాడు. నేను వాడి మీద అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు బయటకి వచ్చారు. చచ్చినా ఆ మాట ఈ ఇంట్లో వినపడకూడదన్నాను. పిల్లని పిలిచి కూర్చోబెట్టి, రేపు నీ మేకపిల్లని అమ్మేస్తున్నాం తల్లీ, మేపడానికి గడ్డి లేదు అని ఉన్నదున్నట్టు చెప్పాను.

అది ఏడ్చింది. కంప అవతల అంత గడ్డి ఉంది కదా నాయనమ్మా అని అడిగింది. ఇంకా విత్తనం రాలలేదని చెప్పాను. ఒక్క పిడికెడు అంది. తిండి తినలేదు. ఎక్కిళ్ళు పెట్టి పెట్టి మేకపిల్ల పక్కనే నిద్రపోయింది.

తెల్లారగానే నేను కొడవలి తీసుకుని బీడుకి వెళ్ళాను. అవునండీ, నేనే. అబద్ధం గిట్టదని అరిచిన ఈ మనిషినే. ఎవరూ లేరు. కంప మీద చెయ్యి వేశాను. రెండు పనలు కోస్తే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను కూడా. అక్కడ నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది ఆ ముసలాయన మాట. పిల్ల ఏడుపు ముందు నిలబడలేనని ఆయనకి ముందే తెలుసు. నాకు తెలియదు. ఆయన భయపడి అబద్ధమాడారు, నేను భయం తెలియక నిజం చెప్పాను. చాలాసేపు నిలబడి, కొయ్యకుండానే ఇంటికి వచ్చేశాను.

కొనేవాడు వచ్చాడు. పలుపు మా పిల్ల చేతనే విప్పించాను. మేకకైనా ఆ పద్ధతి అంతే కదా. మేకపిల్ల మలుపు తిరిగేదాకా మా పిల్ల గుమ్మంలో నిలబడి చూసింది. పది రోజులు నాతో మాట్లాడలేదు. మొన్న విత్తనం ఏరేటప్పుడు ముళ్ళపొదలో చెయ్యి పెట్టి, నా వైపు చూడకుండానే, నీ మీద కోపం ఇంకా పోలేదు నాయనమ్మా అంది. పోనక్కర్లేదులే అన్నాను.

నిజమే, నాకూ పోలేదు. ఆయన బాధ ఏంటో ఇన్నేళ్ళకి తెలిసింది గానీ, నా బుల్లోడికి దక్కాల్సిన ఏడుపుని నా దగ్గర్నుంచి లాక్కున్నారన్న కోపం అలాగే ఉంది. మా వసారాలో కొయ్యకి ఇప్పుడు రెండు పలుపులు వేలాడుతున్నాయి. ఒకటి కొత్తది, ఒకటి పీచులు లేచిన పాతది. ఎర్ర పేలికలు వెలిసి ఏ రంగో తెలియకుండా అయ్యాయి. ఇల్లు దులిపినప్పుడల్లా మా కోడలు, ఈ పాత తాళ్ళు అటక మీద పడేస్తానత్తయ్యా అంటుంది. ఆ ఒక్కటీ నేను ఒప్పుకోను.